మెరిసే చిన్న వస్తువులకు లైటింగ్: ఉంగరం నుంచి నాణెం దాకా

ఒక స్టీలు ఉంగరాన్ని బల్ల మీద పెట్టి, పైనుంచి టేబుల్ ల్యాంపు వేసి చూడండి. ఒకచోట కళ్లు చెదిరే తెల్లటి చుక్క, దాని పక్కనే నల్లటి మరక, ఇంకొంచెం కిందికి బల్ల రంగు, ఓ మూల మీ ముఖం కనిపిస్తాయి. వెలుతురు చాలలేదనుకుని రెండో ల్యాంపు తెస్తే జరిగేది ఒకటే, చుక్కలు రెండవుతాయి.

గుడ్డ, చెక్క, కాగితం వంటి వాటి మీద పడిన కాంతి అన్ని వైపులకూ చెదురుతుంది. అందుకే దీపం ఎటు పెట్టినా అవి బాగానే కనిపిస్తాయి. మెరుగుపెట్టిన లోహం కాంతిని చెదరనివ్వదు. ఏ కోణంలో వచ్చిన కాంతిని అదే కోణంలో అవతలికి పంపేస్తుంది. కాబట్టి దాని మీద మనం చూసేదంతా చుట్టూ ఉన్నవాటి ప్రతిబింబమే. ఉంగరం తెల్లగా మెరవాలంటే తెల్లటిదేదో దానికి ఎదురుగా ఉండాలి. అంచు నల్లగా, స్పష్టంగా తేలాలంటే ఆ అంచుకు ఎదురుగా నల్లటిది ఉండాలి. కాబట్టి మనం దీపాన్ని తిప్పాల్సింది ఉంగరం వైపు కాదు, ఉంగరంలో ప్రతిబింబించే కాగితం వైపు.

దూరం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మామూలు వస్తువుకు దీపాన్ని రెట్టింపు దూరం జరిపితే దానిపై పడే కాంతి నాలుగో వంతుకు తగ్గుతుంది. అద్దంలాంటి ఉపరితలంలో కనిపించే దీపపు ప్రతిబింబానికి ఈ లెక్క పనికిరాదు. దీపం దగ్గరగా ఉన్నా దూరంగా ఉన్నా ప్రతిబింబం అంతే ప్రకాశంతో ఉంటుంది, మారేది దాని పరిమాణమే. హైలైట్ (మెరిసే వెలుగు మచ్చ) మరీ తెల్లబడిపోతోందని ల్యాంపును వెనక్కి లాగితే అది చిన్నదై ఇంకా కరుకుగా కనిపిస్తుంది. దాన్ని లొంగదీయాలంటే దీపం పవర్ తగ్గించాలి, లేదా అదే కాంతిని పెద్ద కాగితం మీద పరచాలి.

కావలసినవి

ఒకటి రెండు ఎల్‌ఈడీ దీపాలు చాలు. సీఆర్‌ఐ (దీపం రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 95 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవి తీసుకుంటే రంగులు నమ్మకంగా వస్తాయి. ఏ3 సైజు ట్రేసింగ్ పేపర్లు కొన్ని, మెరుపు లేని నల్ల అట్ట, తెల్ల అట్ట, కత్తెర, టేపు, అట్టలను నిలబెట్టడానికి క్లిప్పులు, పోస్టర్లు అంటించే మెత్తటి జిగురు ముద్ద, గట్టి ట్రైపాడ్ ఉండాలి. నల్ల అట్ట నిగనిగలాడకూడదు. నున్నటి నల్ల కాగితం తనే దీపాన్ని ప్రతిబింబించి, నలుపు కావలసిన చోట బూడిద రంగు తెస్తుంది. నల్ల వెల్వెట్ దొరికితే అంతకు మించింది లేదు.

లెన్స్ విషయంలో 90 నుంచి 105 మిల్లీమీటర్ల మాక్రో (చిన్న వస్తువులను బాగా పెద్దగా తీసే లెన్స్) నా మొదటి ఎంపిక. దానితో కెమెరా కొంచెం దూరంగా నిలబడుతుంది. అలా నిలబడితే వస్తువులో కెమెరా ప్రతిబింబం చిన్నదవుతుంది, మధ్యలో కాగితాలు, అట్టలు పెట్టుకోవడానికి చోటు మిగులుతుంది. ఫోనుతో తీసేవారు కూడా ఇదే కారణంతో వైడ్ లెన్స్ వదిలి, రెండు మూడు రెట్ల జూమ్ ఉన్న లెన్స్‌తో వెనక్కి జరిగి తీయాలి. వైడ్ లెన్స్‌తో దగ్గరికి వెళ్తే ఫోనే వెలుతురుకు అడ్డం పడుతుంది, పైగా ఉంగరంలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

లైట్ టెంటు అని తెల్ల గుడ్డతో నాలుగు వైపులా మూసిన పెట్టె ఒకటి దొరుకుతుంది. చాలామంది ముందు అదే కొంటారు. నాకు దాని మీద పెద్దగా నమ్మకం లేదు. చుట్టూ తెలుపే ఉంటే ఉంగరంలో తెలుపే కనిపిస్తుంది. అప్పుడు వెండి వెండిలా ఉండదు, బూడిద రంగు ప్లాస్టిక్‌లా ఉంటుంది, అంచులు నేపథ్యంలో కలిసిపోతాయి. ఇప్పటికే కొన్నవారు దాన్ని పారేయనక్కర్లేదు. లోపల గోడలకు నల్ల అట్ట పట్టీలు అంటిస్తే అదే పెట్టె పనికొచ్చే సాధనమవుతుంది.

శుభ్రం చేయడం, నిలబెట్టడం

కంటికి ఆనని ధూళి కణం మాక్రో ఫొటోలో రాయిలా కనిపిస్తుంది. వేలిముద్ర అయితే చెప్పనే అక్కర్లేదు. నూలు గ్లోవ్స్ గానీ పౌడరు లేని నైట్రైల్ గ్లోవ్స్ గానీ వేసుకుని, శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, రబ్బరు బ్లోయర్‌తో దుమ్ము ఎగరగొట్టండి. నోటితో ఊదితే తుంపర్ల మచ్చలు పడతాయి. పాత నాణేలను మాత్రం రుద్దవద్దు, పాలిష్ అసలే వద్దు. రుద్దిన గుర్తులు నాణెం విలువను దెబ్బతీస్తాయి.

ఉంగరం నిలబడాలంటే కింద, కెమెరాకు కనిపించని వైపు, బియ్యపు గింజంత జిగురు ముద్ద సరిపోతుంది. ఉంగరాన్ని నిలిపిన నేల కూడా దాని కింది భాగంలో ప్రతిబింబిస్తుందని మరచిపోకండి. ఎర్ర గుడ్డ పరిస్తే బంగారం కింది సగం రాగిలా మారుతుంది. కింద కూడా ప్రతిబింబం కావాలనుకుంటే నల్ల అక్రిలిక్ పలక మంచిది, ఒకే ప్రతిబింబం స్పష్టంగా ఇస్తుంది. ఇంట్లో ఉండే మామూలు అద్దం వాడితే గాజు పై ఉపరితలం ఒకటి, వెనక వెండి పూత ఒకటి రెండు ప్రతిబింబాలిస్తాయి, ఫొటోలో నీడలాంటి జంట గీత కనిపిస్తుంది.

ముందు కెమెరా, తర్వాతే దీపం

సాధారణంగా దీపాలు అమర్చుకున్నాక కెమెరా తెస్తారు. మెరిసే వస్తువుకు ఈ వరుస తిరగబడాలి. చూసే కన్ను జరిగితే ప్రతిబింబమూ జరుగుతుంది. ఎంతో ఓపికగా సర్దిన హైలైట్, కెమెరాను నాలుగు వేళ్ల వెడల్పు పక్కకు జరిపితే మరో చోటికి పోతుంది. కాబట్టి ముందు వస్తువును నిలబెట్టి, ఫ్రేము ఖాయం చేసి, ట్రైపాడ్ బిగించండి. ఉంగరానికి పైనుంచి 15 నుంచి 20 డిగ్రీల వంపుతో చూసే కోణం మొదలుపెట్టడానికి బాగుంటుంది.

గది దీపాలు ఆర్పి, కర్టెన్లు మూసేయండి. కిటికీ వెలుతురు నీలంగా, గది బల్బు పసుపుగా ఉంటే మామూలు వస్తువు మీద అవి కలిసిపోతాయి. లోహం మీద మాత్రం నీలం చార, పసుపు చార విడివిడిగా కనిపిస్తాయి. మీ చొక్కా కూడా ఒక దీపమే. తెల్ల చొక్కా వేసుకుని కెమెరా వెనక నిలబడితే ఉంగరంలో తెల్లటి మచ్చ, ఎర్ర చొక్కా అయితే ఎర్ర మచ్చ. నల్ల బట్టలు వేసుకోవడం నాకు తెలిసినంతలో ఖర్చులేని అత్యుత్తమ లైటింగ్ సాధనం.

సెట్టింగుల దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. ఐఎస్‌ఓ 100, రా ఫైలు (కెమెరా మార్పులు చేయని ముడి ఫైలు), మాన్యువల్ ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా చేసే రంగుల సర్దుబాటు) కూడా మాన్యువల్. గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిద అట్ట) పెట్టి ఒక ఫ్రేము తీసుకుంటే తర్వాత రంగు సరిచేయడం సులువు. ట్రైపాడ్ మీద ఉన్నాం కాబట్టి షట్టర్ ఎంత నెమ్మదైనా ఇబ్బంది లేదు, 2 సెకన్ల టైమర్ పెడితే వణుకు రాదు. అపర్చర్ (లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) దగ్గర మాత్రం కొంచెం ఆలోచించాలి. వస్తువు సెన్సార్ మీద తన అసలు సైజులోనే పడేంత దగ్గరికి వెళ్తే ఎఫ్/11 నిజానికి ఎఫ్/22లా పనిచేస్తుంది. అంతకంటే మూస్తే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం అంచుల దగ్గర కాంతి వంగి చెదరడం) వల్ల ఫొటో మొత్తం మెత్తబడుతుంది. అదే దూరంలో ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు ఎఫ్/11 వద్ద స్పష్టంగా ఉండే లోతు దాదాపు 1.3 మిల్లీమీటర్లే. ఉంగరం మొత్తం స్పష్టంగా రావాలంటే ఎఫ్/8 దగ్గర ఆగి, ఫోకస్‌ను ముందు నుంచి వెనక్కి కొద్దికొద్దిగా జరుపుతూ పలు ఫ్రేములు తీసి, సాఫ్ట్‌వేర్‌లో కలపడమే మేలు. దీన్నే ఫోకస్ స్టాకింగ్ అంటారు.

కాగితం ఎక్కడ ఉండాలి?

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. దీపాన్ని ఊహతో అమర్చి అదృష్టాన్ని పరీక్షించుకోనక్కర్లేదు. వస్తువు ముఖం ఎటు వంగి ఉందో అటే వంచి అక్కడ ఒక చిన్న అద్దం ముక్క పెట్టండి. చీకట్లో లెన్స్ పక్కన టార్చి పట్టుకుని దాని మీదికి వేయండి. అద్దం నుంచి తిరిగి వెళ్లిన వెలుగు గదిలో ఎక్కడ పడిందో, ఆ దారిలోనే మీ తెల్ల కాగితం ఉండాలి. కాంతి వెళ్లిన దారినే తిరిగి రాగలదు, అంతే ఇందులోని కిటుకు. అద్దం లేకపోతే కెమెరా లైవ్ వ్యూ చూస్తూ తెల్ల అట్టను వస్తువు చుట్టూ నెమ్మదిగా తిప్పండి. ఏ భాగం ఎప్పుడు వెలుగుతోందో కనిపిస్తుంది.

వస్తువు ఆకారాన్ని బట్టి ఈ వెతుకులాట మారుతుంది. చదునైన ముఖానికి ఎదురుగా ఉండే ప్రాంతం చిన్నది. ఒక కాగితం సరిగ్గా అక్కడ పెడితే ముఖమంతా ఒక్కసారి వెలుగుతుంది, వేలెడు పక్కకు పెడితే అంతా నల్లగా ఉంటుంది. నిలబెట్టిన లిప్‌స్టిక్ గొట్టం, పెన్ను వంటి స్తంభాకారాలు తమ చుట్టూ ఉన్న గదినంతా సన్నటి నిలువు చారలుగా కుదించి చూపిస్తాయి. వాటికి నిలువుగా పొడవాటి కాగితపు పట్టీ వెలిగిస్తే పై నుంచి కిందిదాకా తెగని ఒక చక్కటి గీత వస్తుంది. పట్టీ పొట్టిదైతే గీత మధ్యలో తెగిపోయి చౌకగా కనిపిస్తుంది. ఇక గోళం అన్నిటికంటే మొండిది. తన వెనక దాగిన కొద్ది భాగం తప్ప గది మొత్తం, కెమెరాతో సహా, అందులో ఉంటుంది.

ఉంగరం మీద ఒక్క కాగితం, ఒక్క దీపం

ఉంగరం వెనక నుంచి ట్రేసింగ్ పేపరును పైకి లేపి, ఉంగరం మీదుగా కెమెరా వైపు వంపు తిరిగేలా క్లిప్పులతో కట్టండి. ఉంగరానికి 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు మొదటి ప్రయత్నానికి సరిపోతుంది. కాగితానికి అవతల, మరో 30 సెంటీమీటర్ల పైన దీపం పెట్టి వెలిగించండి. కాగితం ఎంత మేర పరచుకుందో అంత మేర ఉంగరం మీద తెల్లటి ప్రతిబింబం కనిపిస్తుంది.

ఇప్పుడు దీపాన్ని కాగితానికి దగ్గరగా, 10 సెంటీమీటర్ల వరకు తెచ్చి చూడండి. కాగితం మధ్యలో ప్రకాశవంతమైన చుక్క ఏర్పడి, చుట్టూ క్రమంగా మసకబారుతుంది. ఉంగరంలోనూ అదే తరుగుదల కనిపిస్తుంది. లోహం వంపు తిరిగి ఉందని కంటికి తెలియజేసేది ఈ తరుగుదలే. దీపాన్ని దూరం జరిపితే కాగితమంతా ఒకే మాదిరి వెలుగుతుంది, ఉంగరం చదునుగా అనిపిస్తుంది. దీపాన్ని ఒక పక్కకు వంచితే ప్రకాశం ఒక వైపు ఎక్కువై రెండో వైపుకు జారుతుంది. నగల ఫొటోలకు నాకు నచ్చేది ఈ మూడోదే. ఏది ఎంచుకున్నా దీపాన్ని కాగితం వెనక సెంటీమీటరు చొప్పున జరుపుతూ, ప్రతిసారీ వ్యూఫైండర్‌లోనో స్క్రీన్ మీదో చూడండి. బల్ల పక్కన నిలబడి చూసే కంటికి కనిపించేది లెన్స్‌కు కనిపించదు.

నలుపు లేకపోతే లోహం లేదు

పై దశలో ఉంగరం మెరుస్తుంది కానీ ఇంకా పాలిపోయినట్టే ఉంటుంది. కారణం నలుపు లేకపోవడం. మెరుపు అనేది తెలుపు పక్కన నలుపు ఉన్నప్పుడే పుడుతుంది. రెండు నుంచి ఐదు సెంటీమీటర్ల వెడల్పున నల్ల అట్ట పట్టీలు కత్తిరించి, ఫ్రేముకు సరిగ్గా బయట ఉంగరానికి రెండు వైపులా నిలబెట్టండి. ఉంగరం అంచుల వెంబడి సన్నటి నల్ల గీత ప్రత్యక్షమై, తెల్ల నేపథ్యం నుంచి ఉంగరాన్ని విడదీస్తుంది. పట్టీని దగ్గరికి తెస్తే గీత లావవుతుంది, దూరం చేస్తే సన్నబడుతుంది. పై కాగితం మీద కూడా వెలుగుకు అడ్డంగా ఒక సన్నటి నల్ల పట్టీ అంటించి చూడండి. ఉంగరం పై వంపు మీద చెక్కినట్టుగా ఒక గీత వస్తుంది. దీపం కొనాలనిపించినప్పుడల్లా ముందు ఒక నల్ల అట్ట ముక్క కత్తిరించి పెట్టి చూడమంటాను. చాలాసార్లు దీపం అవసరమే తీరిపోతుంది.

ఉంగరం ముందు భాగం మరీ చీకటిగా ఉంటే కెమెరా పక్కన, లెన్స్‌కు ఆనుకుని, చిన్న తెల్ల అట్ట పెట్టండి. కెమెరా ప్రతిబింబం ఇబ్బంది పెడితే పెద్ద అట్టలో లెన్స్ పట్టేంత రంధ్రం చేసి దాని గుండా తీయండి. అప్పుడు వస్తువులో కెమెరా, ట్రైపాడ్, మీరు అన్నీ మాయమై ఒక చిన్న గుండ్రటి రంధ్రం మాత్రం మిగులుతుంది. దాన్ని ఎడిటింగ్‌లో తుడిచేయడం తేలిక. గోళాకారపు వస్తువులకు ఇంతకంటే మంచి మార్గం లేదు. మెరుపు చంపే డల్లింగ్ స్ప్రేలు ఉన్నాయి కానీ అవి లోహాన్ని మ్యాట్ పెయింటులా మార్చేస్తాయి, నగల మీద కొట్టవద్దు.

లోహాన్ని బట్టి చిన్న తేడాలున్నాయి. వెండి దృశ్య కాంతిని దాదాపు మొత్తం తిప్పి పంపుతుంది, స్టీలు అంతకంటే తక్కువ. కాబట్టి ఒకే సెట్‌లో వెండి తర్వాత స్టీలు పెడితే ఎక్స్‌పోజర్ పెంచాలి. బంగారం నీలం కాంతిని మింగేస్తుంది కాబట్టి తెల్ల కాగితం కూడా అందులో పసుపుగానే ప్రతిబింబిస్తుంది. కెమెరాను ఆటో వైట్ బ్యాలెన్స్‌లో వదిలితే ఫ్రేము నిండా ఉన్న ఆ పసుపును లోపమనుకుని నీలం కలిపి చల్లారుస్తుంది. మాన్యువల్ అని మొదట్లోనే చెప్పింది ఇందుకే.

రాళ్లున్న నగలు

ఉంగరంలో వజ్రం ఉంటే లోహానికి చేసిందంతా రాయికి ఎదురు తిరుగుతుంది. వజ్రం వక్రీభవన గుణకం 2.42. లోపలికి వెళ్లిన కాంతి 24 డిగ్రీలకు మించి వాలితే బయటికి రాలేక లోపలే పరావర్తనం చెందుతూ తిరుగుతుంది. ఫేసెట్ల (రాయికి చెక్కిన చిన్న చదును ముఖాల) మధ్య వెలుగు, చీకటి తేడా ఉంటేనే తళుకు కనిపిస్తుంది. చుట్టూ మెత్తటి తెలుపు ఉంటే అన్ని ముఖాలూ ఒకే మాదిరి వెలిగి రాయి గాజు ముక్కలా ఉండిపోతుంది. దీనికి విరుగుడు చిన్న, కరుకైన దీపం. సన్నటి ఎల్‌ఈడీ టార్చిని కాగితం పక్క నుంచి, అడ్డేమీ లేకుండా, రాయి మీదికి వేసి కొద్దికొద్దిగా తిప్పండి. ఒక్కో ముఖం వెలిగి ఆరడం కనిపిస్తుంది, నచ్చినచోట ఆపండి.

సరిగ్గా పైనుంచి తీస్తే కెమెరాయే రాయిలో నల్లటి మచ్చగా కనిపించవచ్చు. ఎక్కువ దూరం నుంచి తీయడమో, రాయిని కొంచెం వంచడమో దానికి మందు.

కానీ ఆ టార్చి లోహం మీద కూడా ముల్లులాంటి చుక్క వేస్తుంది. అందుకే రెండు ఫ్రేములు తీస్తారు. మొదటిది కాగితపు వెలుగుతో లోహానికి, రెండోది టార్చితో రాయికి. కెమెరా కదలకపోతే ఎడిటింగ్‌లో రెండో ఫ్రేములోని రాయి భాగాన్ని మాత్రమే మొదటి దాని మీదికి తీసుకోవచ్చు. పూర్తి ఫొటో ఒక్క క్లిక్కులోనే రావాలనే పట్టుదల ఈ పనిలో అనవసరం.

నాణెం

నాణెం చదునైన వస్తువు, పైగా కెమెరా దానికి నిట్టనిలువుగా పైన ఉంటుంది. అంటే దాని ముఖం చూస్తున్నది సరిగ్గా కెమెరానే. వెలుగు లెన్స్ ఉన్నచోటు నుంచే రావాలన్నమాట. దీనికి పాత పద్ధతి ఒకటుంది.

1. కెమెరాను నిలువుగా కిందికి తిప్పి, నాణేన్ని నల్ల అట్ట మీద పెట్టండి.
2. లెన్స్‌కు, నాణేనికి మధ్య పలుచని, గీతలు లేని గాజు పలకను 45 డిగ్రీల వాలుగా నిలపండి.
3. దీపాన్ని పక్క నుంచి, బల్లకు సమాంతరంగా, గాజు వైపు వేయండి. గాజు కొంత కాంతిని నిటారుగా నాణెం మీదికి దింపుతుంది.
4. దీపం వెలుగు నేరుగా నాణెం మీద పడకుండా మధ్యలో చిన్న నల్ల అట్ట అడ్డం పెట్టండి. గాజుకు అవతలి వైపు మరో నల్ల అట్ట నిలపండి, లేకపోతే అక్కడున్నదేదో గాజులో ప్రతిబింబించి ఫొటోలో పొగలా కమ్ముకుంటుంది.

గాజు దించేది దాదాపు పదో వంతు కాంతినే, కాబట్టి షట్టర్ బాగా నెమ్మదిగా ఉంటుంది. ఫలితంగా నాణెం చదును భాగాలు వెలిగి, బొమ్మల వాలులు నల్లబడి, ప్రతి అక్షరం అంచు తేటగా కనిపిస్తుంది. అద్దంలాంటి చదును మీద గరుకు బొమ్మ ఉండే ప్రూఫ్ నాణేలకు దీన్ని తలకిందులు చేయవచ్చు. గాజు తీసేసి, లెన్స్ చుట్టూ నల్ల అట్ట ఉంచి, దీపాన్ని పక్క నుంచి వాలుగా వేస్తే చదును నల్లగా, బొమ్మ తెల్లగా వస్తుంది.

గడియారం, పోలరైజర్

గడియారంలో లోహమూ ఉంది, దాని మీద గాజూ ఉంది. ముందు గాజు సంగతి చూడండి. పైన చెప్పిన అద్దం, టార్చి పద్ధతితో గాజు ఎటు చూస్తోందో కనుక్కుని అక్కడ నల్ల అట్ట పెడితే డయల్ తేటపడుతుంది. ముళ్లు 10 గంటల 10 నిమిషాల దగ్గర ఉంచడం వాడుక, పేరు, లోగో కప్పబడవు. తర్వాత లోహపు అంచులకు కాగితం వెలిగించుకోండి.

లెన్స్ మీద పోలరైజర్ (ఒకే దిశలో కంపించే కాంతిని పోనిచ్చే ఫిల్టర్) పెడితే మెరుపులన్నీ పోతాయని చాలామంది అనుకుంటారు. గాజు, ప్లాస్టిక్, వార్నిష్ మీది మెరుపును అది తగ్గిస్తుంది, అదీ కాంతి ఆ ఉపరితలానికి లంబంగా గీసిన రేఖకు 56 డిగ్రీల దరిదాపుల్లో వాలినప్పుడు బాగా. లోహం మీది మెరుపు సాధారణంగా పోలరైజ్ కాదు కాబట్టి ఫిల్టర్ ఎంత తిప్పినా తగ్గదు. దీపం ముందు కూడా పోలరైజింగ్ ఫిల్మ్ పెట్టి, లెన్స్ ఫిల్టర్‌ను దానికి అడ్డంగా తిప్పితే లోహం మీది మెరుపు సైతం ఆరిపోతుంది, కానీ అప్పుడు లోహం నల్లటి ముద్దలా కనిపిస్తుంది. ఎనామెల్ రంగులో, డయల్ మీది అక్షరాలో మాత్రమే కావలసినప్పుడు ఆ పద్ధతి వాడి, లోహాన్ని మరో ఫ్రేము నుంచి కలపండి.

సెట్ విప్పే ముందు

తెల్ల నేపథ్యం ఉంటే కెమెరా మీటరు దాన్ని బూడిద రంగుగా చూపించాలని ఎక్స్‌పోజర్ తగ్గిస్తుంది, నల్ల నేపథ్యానికి పెంచుతుంది. మీటరును వదిలి హిస్టోగ్రామ్ (ఫొటోలో నలుపు నుంచి తెలుపు దాకా ఏది ఎంత ఉందో చూపే గ్రాఫు) చూడండి. లోహం మీద చిన్న చిన్న చుక్కలు పూర్తి తెలుపుకు చేరినా ఫరవాలేదు, వెడల్పాటి హైలైట్‌లో మాత్రం వివరం మిగలాలి. ఫొటోను స్క్రీన్ మీద 100 శాతానికి పెంచి మూల మూలా చూడండి. ధూళి, నూలు పోగు, జిగురు ముద్ద అంచు కనిపిస్తే ఇప్పుడే సరిచేయడం ఎడిటింగ్‌లో తుడవడం కన్నా త్వరగా అవుతుంది.

ట్రైపాడ్ కాళ్లు, దీపం, అట్టలు, వస్తువు ఉన్న చోట్ల టేపు ముక్కలతో గుర్తులు పెట్టి, మొత్తం అమరికను ఫోనుతో ఒక ఫొటో తీసి ఉంచుకోండి. తర్వాతి ఉంగరం అదే గుర్తు మీద నిలబడితే చాలావరకు లైటింగ్ అలాగే పనికొస్తుంది. ఉంగరం వెడల్పు మారితే పక్క పట్టీలను, రాయి ఎత్తు మారితే టార్చి కోణాన్ని మాత్రం మళ్లీ చూసుకోవాలి.